చెట్ల లెక్క సరే, అడవి ఎవరి చేతిలో ఉన్నది?

కొంచెం పొడుగు పోస్ట్, ఓపికగా చదవండి.

పోటీ పరీక్షల పుస్తకాల్లో అమెజాన్ వర్షారణ్యం గురించి పేజీలకు పేజీలు బట్టీ కొడుతున్నం. మన అడవి వర్షారణ్యం కాదు, ఎండాకాలం ఆకు రాల్చే అడవి. టేకు, నల్లమద్ది, ఇప్ప, తునికి, మొర్రి, వెదురు కలిసి పెరిగే అడవి. దీని మీద పరీక్షలో బిట్టు రాకపోయినా ఫర్వాలేదు. మనం కూడా మాట్లాడకపోతే ఎట్లా?

2025 మే 30న జీవో 49 వచ్చింది. ఆసిఫాబాద్ జిల్లాలో దాదాపు 1.49 లక్షల హెక్టార్లు కన్జర్వేషన్ రిజర్వ్ అన్నరు. తాడోబా నుంచి కవ్వాల్‌కు పులులు వచ్చిపోయే దారి కోసమట. దానికి పెట్టిన పేరు కుమ్రం భీం! అడవి మీద హక్కు కోసం 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిన మనిషి పేరు. వన్యప్రాణి చట్టం 36ఏ సెక్షన్‌లో స్థానికులతో సంప్రదించినంకనే ప్రకటించాలని ఉన్నది. మనోళ్లు రోడ్డెక్కినంక జూలైలో జీవోను నిలిపేసిండ్రు. నిలిపేసుడు వేరు, రద్దు చేసుడు వేరు, ఇది యాదిలో పెట్టుకోవాలె. పులికి మనం శత్రువులం కాదు. పులి తిరిగే అడవిలోనే మన ముత్తాతలు బతికిండ్రు. అడగకుండా గీత గీసుడే మన అభ్యంతరం.

ఇంకో దిక్కు మొక్కల లెక్క. 2015లో హరితహారం మొదలైనప్పటి నుంచి ఎన్ని మొక్కలు నాటినం అన్నదే మాట. ఒకే తీరు నీలగిరి వరుసలు దూరం నుంచి పచ్చగానే కనిపిస్తయి. కానీ ఆ తోటలో ఇప్పపువ్వు రాలదు, తునికాకు దొరకదు, మొర్రి పండు ఉండదు. నిర్మల్ బొమ్మలు చేసే పొనికి కర్రకే కరువొచ్చింది. అది తోట, అడవి కాదు.

ఇప్పుడు మన తప్పు కూడా చెప్పుకోవాలె, కోపం రావొద్దు. ఇప్పపువ్వు ఏరేటప్పుడు చెట్టు కింద ఎండుటాకులకు అగ్గి పెడతం. నేల శుభ్రమైతది, పువ్వు తెల్లగా కనిపిస్తది, పని తొందరగా అయితది. కానీ ఆ మంట చెట్టు కిందనే ఆగుతదా? గాలికి పక్కకు పాకి, అప్పుడే మొలిచిన ఇప్ప, మొర్రి మొలకలను కాల్చేస్తది. మన చుట్టూ ఉన్న ఇప్ప చెట్లు చూడండి, అన్నీ తాతల నాటివే. పడుచు చెట్లు ఎన్ని ఉన్నయి? చెట్టు కింద పాత చీరలో, వలలో పరిస్తే అగ్గితో పనే లేదు. ఇది ఏ ఆఫీసరో వచ్చి చెప్పాల్సిన సంగతి కాదు, మన అవ్వలతో కూర్చొని మనమే మాట్లాడుకోవచ్చు.

అసలు సంగతికొస్తే, పట్టా అంటే మనకు చేను పట్టానే గుర్తొస్తది. 2023 జూన్ 30న పోడు పట్టాల పంపిణీ ఆసిఫాబాద్‌లోనే మొదలైంది, మంచిదే. రానోళ్ల గోస వేరే ఉన్నది, దాని మీద కొట్లాట ఆగొద్దు. కానీ 2006 అటవీ హక్కుల చట్టంలో 3(1)(ఐ) అని ఒకటున్నది. ఊరు తరతరాలుగా కాపాడుకుంటున్న అడవిని కాపాడే, పెంచే, నిర్వహించే హక్కు ఊరిదే అంటది. తునికాకు, వెదురు మీద హక్కు కూడా అదే చట్టం ఇచ్చింది. ప్రాణహిత దాటితే గడ్చిరోలి. అక్కడ మెండా లేఖా అనే గోండు ఊరు 2009లో సుమారు 1,800 హెక్టార్ల మీద ఈ హక్కు తెచ్చుకున్నది. 2011 నుంచి వెదురు తామే అమ్ముకుంటున్నరు. ఎంత కొట్టాలె, ఎక్కడ ఆపాలె అన్నది గ్రామసభ తేలుస్తది. వాళ్లు మాట్లాడే గోండే మనమూ మాట్లాడుతం. "మావ నాటే మావ రాజ్" అని మనం గోడల మీద రాసినం, వాళ్లు కాగితం మీద తెచ్చుకున్నరు.

ఈ ఎండాకాలం సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఫారం 'సి' ప్రింట్ తీసుకొని పోదాం. ఊరి పటేల్‌ను, దేవారిని కూర్చోబెట్టి ఏ వాగు దాకా, ఏ గుట్ట దాకా మన అడవో రాసుకుందాం. పెద్దోళ్ల వాంగ్మూలం చట్టం ప్రకారం సాక్ష్యమే. గ్రామసభకు ఊళ్లె సగం మంది రావాలె, వచ్చినోళ్లలో మూడోవంతు ఆడోళ్లుండాలె. పంచాయతీ ఆఫీసుల పెట్టే మీటింగ్ కాదు, గూడెంల పెట్టే సభ. మీ ఊళ్లె ఇప్పటికే ఎవరైనా వేసి ఉంటే ఏమైందో కింద రాయండి.