ఒక గదిలో యంత్రం, ఇంకో గదిలో ఆట

సావనీరుకి రాయమంటే వీడియో ఆటల మీద రాశాడేమిటి వీడు అని మన లెక్చరర్లు కొందరు ముఖం చిట్లించవచ్చు. చిట్లించనివ్వండి. నేను చెప్పబోయేది ఆట గురించి కొంతే, మన హాస్టలు గోడల గురించి ఎక్కువ.

మా వింగులో ముప్ఫై మందిమి. గట్టి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటరు ఒక్కడి దగ్గరే ఉంది. మిగతావాళ్ళవి పాత ల్యాప్‌టాపులు, సెల్‌ఫోన్లు. అయితేనేం? ఆట ఆ కంప్యూటరులోనే నడుస్తుంది. దాని బొమ్మ మాత్రం నెట్‌వర్కు మీదుగా నా ఫోనుకి వస్తుంది. నేను నొక్కిన మీట తిరిగి అక్కడికి పోతుంది. సెకనుకి 60 బొమ్మలు, అంటే ఒక్కోదానికి 17 మిల్లీసెకన్లయినా లేవన్నమాట! 1920 × 1080 చుక్కల తెరని ఉన్నదున్నట్టు పంపాలంటే సెకనుకి దాదాపు 3 గిగాబిట్లు కావాలి. కార్డులోని ఎన్‌కోడరు దాన్ని 20 మెగాబిట్లకి అణిచేస్తుంది. మా అమ్మ సర్దే ట్రంకుపెట్టెలో కూడా అంత కుక్కుడు చూడలేదు.

దీనికి వాడే మూన్‌లైట్ అనే ఉచిత ప్రోగ్రామును మొదలెట్టినవాళ్ళు అమెరికాలో కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయం విద్యార్థులు, మనవంటివాళ్ళే. 2023లో ఎన్‌విడియా కంపెనీ తన షీల్డు పరికరాల్లో గేమ్‌స్ట్రీమ్‌ని ఆపేసినా ఇది ఆగలేదు. సన్‌షైన్ అనే మరో ఉచిత ప్రోగ్రాము ఆ పని అందుకుంది. గూగుల్ వారి స్టేడియా మాత్రం 2019లో ఆర్భాటంగా వచ్చి 2023 జనవరిలో మూతపడింది. ఎక్కడో ఉన్న సర్వరుని నమ్ముకోవడం కంటే పక్కగది స్నేహితుణ్ణి నమ్ముకోవడం మేలని నా అభిప్రాయం.

కాని మన హాస్టలు వైఫైలో ఒకరి పరికరం ఇంకొకరి పరికరంతో మాట్లాడకుండా కట్టడి చేశారు. వైరస్‌ల భయం ఉంది, కాదనను. "ఇంటర్నెట్టు దండగవుతుంది" అనే మాట మాత్రం ఒప్పుకోలేను. ఆ బొమ్మ హాస్టలు గడప దాటితే కదండీ దండగయ్యేది! పదిమంది ఒకేసారి మొదలెడితే వైఫై ఉక్కిరిబిక్కిరవుతుంది, నిజమే. కంప్యూటరుకి తీగ తగిలించి, ఫోన్లని 5 గిగాహెర్ట్జ్ మీద ఉంచి, వంతులు వేసుకుంటే సరిపోతుంది. ఎలాగూ ఒక యంత్రం మీద ఒకరే ఆడగలరు.

అసలు సంగతి ఇంకోటుంది. మన ల్యాబులో ఖరీదైన యంత్రాలకి సాయంత్రం 5 గంటలకల్లా తాళం పడుతుంది. అదే సమయానికి ఫైనలియర్ వాళ్ళు డిజైను సాఫ్ట్‌వేరు మొరాయించే ల్యాప్‌టాపుల ముందు తల పట్టుకుని కూర్చుంటారు. ఆటని పంపే పద్ధతే ఆ పనినీ పంపుతుంది. విడిగా ఒక చిన్న నెట్‌వర్కు, ల్యాబులో రెండు యంత్రాలు, రాత్రి 10 దాకా. ఇంతే మేము అడిగేది.

వార్డెన్‌గారికి ఇవ్వబోయే అర్జీ యూనియన్ గదిలో ఉంది. మొదటి సంతకం నాది. రెండోది ఆ కంప్యూటరు గలవాడిది. తన గది ముందు క్యూ తగ్గుతుందని వాడి ఆశ.