సైకిల్ మీద కొండెక్కే పిల్లలకు నల్ల కళ్లద్దాలు వద్దు

సెలవులు దగ్గరపడితే మన ఇళ్లలో గేర్ల సైకిళ్లు బయటికొస్తాయి. వాటితోపాటే ఒక కోరిక కూడా: "నాన్నా, అనంతగిరి వెళ్దాం!" హైదరాబాద్ నుంచి సుమారు 80 కిలోమీటర్లు. వికారాబాద్ దాటగానే కొండలు, అడవి, మట్టి దారులు. తప్పకుండా తీసుకెళ్లండి. ట్యాబ్ ముందు కూర్చునే ఆదివారం కన్నా అది వెయ్యి రెట్లు నయం. కాకపోతే వెళ్లేముందు కళ్లద్దాల గురించి నా మాట ఒకటి వినండి.

పోయిన డిసెంబరులో ఎనిమిదో తరగతి చదువుతున్న మా అబ్బాయిని తీసుకెళ్లాను. హెల్మెట్, గ్లౌజులు వాడే ఎంచుకున్నాడు. కళ్లద్దాలు మాత్రం నేనే కొన్నాను. కొండ మీద ఎండ ఎక్కువని, షాపులో ఉన్నవాటిలోకెల్లా నల్లటివి ఏరి మరీ తెచ్చాను. ఎండలో ఉన్నంతసేపు బాగానే ఉంది. దిగుడు దారి చెట్ల కిందికి మళ్లగానే, అడ్డంగా ఉన్న వేరు వాడికి కనిపించలేదు. సైకిల్ ఆగింది, వాడు ఆగలేదు. మోచెయ్యి చీరుకుపోయింది. హెల్మెట్ ఉండబట్టి తలకేమీ కాలేదు. "ఒక్కసారిగా చీకటైపోయింది నాన్నా" అన్నాడు. తప్పు వాడిది కాదు.

మ్యాట్నీకి ఆలస్యంగా వెళ్తే సీటు కోసం తడుముకుంటాం కదా, అదే ఇది. వెలుతురులోంచి నీడలోకి వచ్చిన కంటికి సర్దుకోవడానికి కొంత సమయం కావాలి. నడిచేవాడికి ఫరవాలేదు. గంటకు 18 కిలోమీటర్ల వేగంతో దిగే సైకిల్ మాత్రం సెకనుకు 5 మీటర్లు పోతుంది. రెండు సెకన్లు సరిగ్గా కనబడకపోతే 10 మీటర్లు గుడ్డిగా వెళ్లినట్టే. దాని మీద మనం నల్ల అద్దం కూడా పెట్టి పంపిస్తున్నాం!

అద్దం నలుపుకు ఒక లెక్క ఉంది. 0 నుంచి 4 వరకు కేటగిరీలు. మంచి కళ్లద్దాల కాడ లోపలివైపు ఈ అంకె తరచుగా రాసి ఉంటుంది. 0 అంటే వెలుతురులో 80 శాతం పైగా లోపలికి వస్తుంది. 1 అంటే 43 నుంచి 80 శాతం. మనం మామూలుగా కొనే కూలింగ్ గ్లాసులు 3వ కేటగిరీ, అంటే 8 నుంచి 18 శాతమే. చెట్ల కింద సైకిల్ తొక్కే పిల్లలకు 0 లేదా 1 చాలు అంటాను నేను.

"తెల్ల అద్దమైతే ఎండ నుంచి రక్షణేది?" అని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. అతినీల లోహిత కిరణాలను ఆపడానికీ అద్దం నలుపుకీ సంబంధం లేదు. 'యూవీ 400' అని ఉన్న పారదర్శకమైన పాలీకార్బొనేట్ అద్దం ఆ పని చక్కగా చేస్తుంది, దెబ్బకు తొందరగా పగలదు కూడా. ఆ రక్షణ లేని చవక నల్ల అద్దమే ప్రమాదం. చీకటికి కంటిపాప పెద్దదవుతుంది, కిరణాలు ఇంకా ఎక్కువ లోపలికి పోతాయి. నిజానికి ఆ దారుల్లో కళ్లద్దాల మొదటి పని దుమ్మునీ పురుగుల్నీ ముల్లుకొమ్మల్నీ ఆపడం. నెత్తిమీది ఎండ సంగతి హెల్మెట్ ముందున్న చూరు చూసుకుంటుంది.

షాపువాళ్లు వెలుతురును బట్టి రంగు మారే ఫోటోక్రోమిక్ అద్దాలు చూపిస్తారు. ధర కూడా గట్టిగానే ఉంటుంది. పొద్దున బయల్దేరి సాయంత్రం వచ్చే రోడ్డు ప్రయాణానికి అవి మంచివే. కానీ నల్లబడినంత తొందరగా అవి తెల్లబడవు, నిమిషాలు పడుతుంది. పది గజాలకోసారి ఎండా నీడా మారే అడవి దారిలో ఆ అద్దం ఎప్పుడూ వెనకబడే ఉంటుంది. పోలరైజ్డ్ కూడా ఇక్కడ నాకు నచ్చలేదు. తడిరాయి మీది మెరుపును అది తగ్గించేస్తుంది; జారుతుందని చెప్పేది ఆ మెరుపే కదా.

పవర్ అద్దాలు వాడే పిల్లలైతే రోజూ బడికి పెట్టుకొచ్చే జోడుతో పంపకండి. అదే పవర్‌తో, తల వెనక పట్టీ ఉండే స్పోర్ట్స్ కళ్లజోడు చేయించండి. ఖర్చే, కానీ నేనైతే దీనికి వెనకాడను.

కొనేటప్పుడు ట్యూబ్‌లైటు కింద, అద్దంలో మొహం చూసుకుని నిర్ణయించకండి. పిల్లల్ని షాపు గుమ్మం బయటికి తీసుకురండి. కాసేపు ఎండలో నిలబెట్టి, ఆగి ఉన్న కారు కింది నీడలోకి చూడమనండి. అక్కడున్న రాళ్లు వెంటనే లెక్కపెట్టగలిగితే ఆ జోడు తీసుకోండి. సాయంత్రం ఎదురెండ మాత్రం ఏ అద్దానికీ సరిగ్గా లొంగదు. మేం నాలుగున్నరకల్లా సైకిళ్లు కారెక్కించేస్తాం.

కొత్త జోడు చూసి మా వాడు "కెమిస్ట్రీ ల్యాబ్ అద్దాల్లా ఉన్నాయి, ఫోటో తీయకు" అన్నాడు. ఫిబ్రవరిలో మళ్లీ అదే దిగుడు దిగాం. చెట్ల కిందికి వెళ్లాక ముందే బ్రేకు పట్టి, పక్కగా తిప్పి ఆగాడు. "ఇదే నాన్నా ఆ వేరు" అని కాలితో చూపించాడు.