అడివి గురించి చదవడానికి పట్నం పోవాలా?

మూడేళ్ళ కిందట మా బడిలో చదువుకున్న ఒక అమ్మాయికి డిగ్రీ అయ్యాక ఎమ్మెస్సీ పర్యావరణ శాస్త్రంలో సీటు వచ్చింది. ఆ కాగితం పట్టుకుని పరుగున వచ్చి నాకు చూపించింది. మర్నాడు వాళ్ళ నాన్న బడికొచ్చాడు. చేతిలో సంచి, సంచిలో నాకోసం తెచ్చిన చింతపండు. కూర్చోమంటే కూర్చోలేదు. "మాస్టారూ, అడివి గురించి చదవడానికి పట్నం పోవాలా? అడివి ఇక్కడే ఉందిగా. దాన్ని బీఈడీలో చేర్పించండి. మీలాగా ఉద్యోగం వస్తుంది" అన్నాడు.

నేను తలూపాను. ఆ అమ్మాయి బీఈడీలో చేరింది. అలా తలూపడం నా తప్పు. ఎందుకు తప్పో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నాలాంటి ఉపాధ్యాయులు ఇలా ఎంతమంది పిల్లల విషయంలో తలూపారో వాళ్ళకే తెలుసు.

ముందు మా ఊరి సంగతి చెప్పాలి. మాది శబరి ఒడ్డు. మా నాన్న తూర్పు గోదావరి జిల్లాలో పుట్టాడు. 1959లో మమ్మల్ని ఖమ్మం జిల్లాలో కలిపారు, నేను అందులో పుట్టాను. 2014లో పోలవరం కోసం మా మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు, మళ్ళీ తూర్పు గోదావరి అయ్యాం. 2022లో అల్లూరి జిల్లా అయ్యాం. ఊరు అంగుళం కదల్లేదు. కాగితాల మీద మాత్రం మేం తిరుగుతూనే ఉన్నాం. ఇన్ని మార్పుల్లో ఒక్కదానికైనా మమ్మల్ని ఎవరూ అడగలేదు.

ముంపు సర్వే వాళ్ళు వచ్చినప్పుడు నేను ఊళ్ళోనే ఉన్నాను. మూడు కాళ్ళ పరికరం పెట్టి చూసి, లెక్కలు రాసుకున్నారు. మా ఊరి పెద్దాయన ఒకాయన వాళ్ళ దగ్గరికెళ్ళి, "బాబూ, ఎనభై ఆరులో నీళ్ళు ఈ మెట్ట మీదికొచ్చినయ్" అని చింతచెట్టు మొదలు చూపించాడు. "పెద్దాయనా, లెవెల్ ప్రకారం మీకు రాదు" అన్నాడు ఆ కుర్రాడు. వాడిది మర్యాదైన మాటే. కాని పెద్దాయన చెప్పింది కాగితం మీదికి ఎక్కలేదు. ఆ లెవెల్ ఏమిటో, ఎక్కణ్ణించి కొలుస్తారో అడగడానికి నాకు తెలివి లేదు. టీచరు ట్రైనింగు చేసినవాణ్ణి, ఐదో తరగతికి పరిసరాల విజ్ఞానం చెప్పేవాణ్ణి. అయినా నోరెత్తలేకపోయాను.

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. శబరి నీళ్ళు గోదావరిలోకి పోలేక వెనక్కి తన్నాయి. పిల్లల్ని, మేకల్ని తోలుకుని గుట్టెక్కాం. రాదని రాసిన ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. ఆర్వోఎఫ్ఆర్ పట్టాలు, పిల్లల సర్టిఫికెట్లు బురదలో కలిసిపోయాయి.

తర్వాత పెద్ద చర్చ జరిగింది. అది వాన వల్లా, కట్ట వల్లా? పోలవరం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. పునరావాసం మాత్రం తొలిదశ పేరుతో ముందు 41.15 మీటర్ల కాంటూరు వరకే అన్నారు. స్పిల్‌వే కట్టింది 50 లక్షల క్యూసెక్కులకు. వెనుక జలాల లెక్క 36 లక్షలకే వేశారని తెలంగాణ, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ గొడవ పెట్టాయి. నాలుగు ప్రభుత్వాల ఇంజనీర్లు, లాయర్లు ఈ అంకెల మీద వాదించుకున్నారు. ఆ రెండు కాంటూర్ల మధ్య బతుకుతున్నది మనం. ఆ నాలుగున్నర మీటర్లలో ఎవరి ఇల్లుందో, ఎవరి సమాధి రాయి ఉందో మనకు తెలుసు. ఆ లెక్కను పట్టుకుని తప్పెక్కడుందో చెప్పగలిగిన కోయ పిల్లాడు గాని, కొండరెడ్డి పిల్ల గాని నేను వెళ్ళిన ఒక్క సమావేశంలోనూ కనబడలేదు.

ఇదీ పట్నం పోవాల్సిన పని.

దీనికి మన వైపు నుంచే మూడు అడ్డుమాటలు వస్తాయి. మూడింటినీ దాటవేయకుండా చూద్దాం.

మొదటిది: "ఆ చదువుకు ఉద్యోగం ఏముంది?" నిజమే, డీఎస్సీలో ఉన్నన్ని పోస్టులు పర్యావరణ శాస్త్రానికి లేవు. ఈ మాట పిల్లలకు దాచకూడదు. కాని టీచరు పోస్టు మాత్రం మనకు రాసిపెట్టి ఉందా? షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న జీవో నెం. 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. పదిలమనుకున్న ఒక్క మెట్టూ అలా జారిపోయింది. ఎందుకు జారిందో చదివి చెప్పగలిగినవాళ్ళు మనలో ఎంతమంది? అందరినీ ఒకే ఇరుకు తలుపు దగ్గర నిలబెట్టి తోసుకోమనడం ఇక చాలు. నేను గూడేనికి ఇరవై మందిని పంపమనడం లేదు. మండలానికి ఇద్దరు చాలు అంటున్నాను.

రెండోది: "అడివి మనకు తెలుసు, మనకు వాళ్ళు నేర్పేదేంది?" ఈ మాట వింటే ఒళ్ళు పులకరిస్తుంది. సభల్లో చప్పట్లు కూడా పడతాయి. కాని దీన్ని కొంచెం విప్పి చూడండి. ఒక గనికో ఫ్యాక్టరీకో అనుమతి కావాలంటే పర్యావరణ ప్రభావ నివేదిక రాయాలి. అందులో ఆ చుట్టుపక్కల ఏయే చెట్లున్నాయి, ఏయే జీవాలున్నాయి అన్న పట్టిక ఉంటుంది. ఆ వివరాలు సాధారణంగా వానాకాలం కాని ఒక్క కాలంలో, మూడు నెలలు సేకరిస్తారు. మన అడవిలో దుంపలు తీగలేసేది వానకు. పుట్టగొడుగులు వచ్చేది వానకు. వెదురు కొమ్ములు వచ్చేది వానకు. ఎండాకాలం వచ్చి చూసినవాడికి అడవి ఉత్త కట్టెలుగా కనబడుతుంది, అలాగే రాస్తాడు. మన అవ్వకు ఈ సంగతి తెలుసు. అవ్వకు తెలుసన్న సంగతి ఆ నివేదికకు తెలియదు. అవ్వ మాటను ఆ పట్టికలోకి ఎక్కించాలంటే, ఆ పట్టిక ఎలా తయారవుతుందో తెలిసిన మనవరాలు కావాలి. తెలియడం ఒకటి, తెలిసినట్టు రుజువు చేయడం ఇంకొకటి. మనం మొదటిదాన్ని చూసుకుని మురిసిపోతున్నాం. రెండోది లేక ఓడిపోతున్నాం.

2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నివేదిక సారాంశం స్థానిక భాషలో ఇవ్వాలి. పూర్తి నివేదిక కలెక్టరాఫీసులో, జిల్లా పరిషత్తులో చూసుకోవచ్చు. అభ్యంతరాలు రాసి పంపొచ్చు. సభ అంతా వీడియో తీయాలి. చివర్లో ఏమేం మాట్లాడారో చదివి వినిపించాలి. ఇవన్నీ మన చేతిలో ఉన్న పనిముట్లే. అయితే అదే నోటిఫికేషన్‌లో ఇంకో మాట కూడా ఉంది: ఆ సభకు కోరం అక్కర్లేదు. అంటే మనం వెళ్ళకపోయినా సభ జరిగినట్టే. వెళ్ళి ఊరికే అరిచి వచ్చినా జరిగినట్టే. "వద్దు" అన్నవాళ్ళ సంఖ్య రాసుకుని పక్కన పెడతారు. "మీ నివేదికలో ఫలానా పేజీలో మా వాగు లేదు, మా వాగు వేసవిలో కూడా పారుతుంది, ఇదిగో మేం రెండేళ్ళు కొలిచిన లెక్క" అంటే పక్కన పెట్టడం అంత తేలిక కాదు.

నేను ఒక సభ చూశాను. సారాంశం తెలుగులో ఇచ్చారు. మా ఆడవాళ్ళు మాట్లాడేది కోయ. పూర్తి నివేదిక ఇంగ్లీషులో, ఇటుకంత లావుంది. దాన్ని తెరిచి చదివినవాళ్ళు ఊళ్ళో ఒక్కరూ లేరు, నేను కూడా చదవలేదు. చదువుకున్నవాణ్ణని నన్ను ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ కుర్చీలో కూర్చున్నంతసేపూ నాకు చెమటలు పట్టాయి.

మూడో మాట: "ఆ చదువు మనకు వ్యతిరేకమైన చదువు." ఇది మూడింటిలోకీ బలమైన మాట. 1991లో సుప్రీంకోర్టు చెప్పాక పర్యావరణం అన్ని డిగ్రీల్లోనూ తప్పనిసరి పేపరయింది. ఆ పేపరు గైడు తీసి చూడండి. అడవులు తరిగిపోవడానికి కారణాల్లో పోడు వ్యవసాయం తప్పకుండా కనిపిస్తుంది. మన పిల్లలు అది బట్టీ పట్టి, మార్కుల కోసం తమ తాత దొంగ అని పరీక్షలో రాసి వస్తున్నారు. పోడు కొట్టి, కొన్నేళ్ళు వదిలి, మళ్ళీ అడవి లేచాక తిరిగి వచ్చే పద్ధతి గురించి అందులో ఉండదు. మన చుట్టూ వేసిన జామాయిల్ తోటలు మాత్రం లెక్కల్లో పచ్చదనం. వాటి కింద గడ్డి మొలవదని మన మేకలకు కూడా తెలుసు.

కాబట్టి ఆ చదువు మనకు వ్యతిరేకంగా ఉందన్న మాట నిజం. దాన్ని వదిలేస్తే మారుతుందా? గైడు రాసేవాడికి ఎదురుగా క్లాసులో లేచి నిలబడి "సార్, ఇది తప్పు" అనేవాడు లేకపోతే ఇంకో యాభై ఏళ్ళు అదే రాస్తాడు. ఇంకో భయం కూడా ఉంది. చదివినవాడు కంపెనీ కన్సల్టెంటు దగ్గర జీతానికి చేరి, రేపు మన ఊరి నివేదిక కింద తానే సంతకం పెట్టొచ్చు. పెట్టడని నేను హామీ ఇవ్వలేను. మన ఓట్లతో గెలిచినవాళ్ళు అంతకంటే పెద్ద సంతకాలు పెట్టలేదా? అందుకని ఓటు మానేశామా? చదివినవాడు గ్రామసభకు జవాబు చెప్పేలా చూసుకోవడం మన పని. ఊరు వాణ్ణి పట్టించుకోకుండా వదిలేస్తే వాడూ ఊరిని వదిలేస్తాడు.

శాస్త్రం ఒక్కటే చదివితే చాలదు, విధానం కూడా చదవాలి అని ఎందుకంటున్నానో చెబుతాను. 1997 జూలై 11న సమత కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు గని కంపెనీ కూడా గిరిజనేతరుడి కిందికే వస్తుందని తేల్చింది. ఆ తీర్పుకు పునాది మన ఊరి పెద్దలకు తెలిసిన 1/70 చట్టమే. నియంగిరిలో 2010లో కేంద్రం వేసిన కమిటీ నివేదిక, 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు, ఆ తర్వాత 12 గ్రామసభలు వద్దనడం, ఈ మూడూ కలిసి కొండను నిలబెట్టాయి. డోంగ్రియా కోంధుల పట్టుదల లేకపోతే ఆ నివేదికే లేదు. అటవీ హక్కుల చట్టం లేకపోతే ఆ పట్టుదల నిలబడటానికి కాగితం లేదు. నల్లమలలో యురేనియం అన్వేషణ మాట వచ్చినప్పుడు చెంచుల గొంతుకు మైదానపు గొంతులు కలిశాయి, 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానించింది.

ఇలా గెలిచినవి ఎక్కడ కోసుకుపోతున్నాయో కూడా చూడండి. అటవీ భూమి మళ్ళించాలంటే గ్రామసభ ఒప్పుకోలు కావాలని 2009లో కేంద్ర పర్యావరణ శాఖ సర్క్యులరిచ్చింది. 2022 అటవీ సంరక్షణ నియమాల్లో కేంద్రం అనుమతి ఇచ్చేశాక ఆ సంగతి రాష్ట్రం చూసుకుంటుందన్నట్టు మార్చారు. 2023 సవరణ చట్టం, నక్సల్ ప్రభావిత ప్రాంతమని గుర్తించిన చోట ప్రజోపయోగ పనులకు 5 హెక్టార్ల వరకు మినహాయింపుకు దారి తెరిచింది. ఏ ప్రాంతాలో వేరే చెప్పాలా? ఇవి తుపాకీతో వచ్చిన మార్పులు కావు. ఆ సవరణ చట్టమైతే అభిప్రాయాలు పంపండని ప్రకటన వేసి, గడువు ముగిశాక వచ్చిన మార్పు. ఆ ప్రకటన వచ్చిన రోజు మనం తునికాకు కల్లంలో ఉన్నాం.

అందుకని నా మాటలు ఇవి.

యువతకు: ఇంటర్లో బైపీసీ, ఎంపీసీ చదివేవాళ్ళు ఈ దారి ఉందని తెలుసుకోండి. ఉస్మానియాలో, ఆంధ్రా యూనివర్సిటీలో పర్యావరణ శాస్త్ర శాఖలున్నాయి. పీహెచ్‌డీకి వెళ్తే ఎస్టీలకు కేంద్రం ఏటా 750 ఫెలోషిప్‌లు ఇస్తుంది, విదేశీ చదువుకు 20 ఇస్తుంది. శాస్త్రం చదివేవాళ్ళు చట్టం చదవండి, చట్టం చదివేవాళ్ళు వాగు కొలవడం నేర్చుకోండి. ప్రాజెక్టు వర్కు మీ ఊరి మీదే చేయండి, చేసినదాన్ని మీ భాషలో ఊరికి చెప్పండి.

విశ్వవిద్యాలయాలకు: విజయనగరంలో, ములుగులో గిరిజన కేంద్రీయ విశ్వవిద్యాలయాలు మన పేరు మీద వచ్చాయి. అటవీ హక్కులు, పెసా, ప్రభావ నివేదికలు అక్కడ ముఖ్య పాఠాలు కావాలి. మన పెద్దలు అక్కడ పాఠం చెప్పాలి. మనం శాంపిలుగా కాదు, బోర్డు పక్కన నిలబడాలి.

ఉపాధ్యాయులకు: మనం డిగ్రీ దాకా ఆగక్కర్లేదు. నేను నిరుడు మా బడి గోడ మీద 2022 వరద గుర్తు పిల్లలతో రంగు వేయించాను. దాని పైన పెద్దాయన చెప్పిన 1986 గుర్తు వేయించాను. వానాకాలమంతా డబ్బా పెట్టి వాన కొలుస్తున్నారు, తేదీతో నోటుబుక్కులో రాస్తున్నారు. ఇది పెద్ద శాస్త్రమేం కాదు. కాని రేపు ఎవరైనా లెవెల్ పట్టుకుని వచ్చి "మీకు రాదు" అంటే, ఐదో తరగతి పిల్ల ఆ నోటుబుక్కు తెచ్చి చూపిస్తుంది. నేను ఆ రోజు అడగలేని ప్రశ్న ఆ పిల్ల అడుగుతుంది.

ఆ అమ్మాయి తమ్ముడు ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ. వాళ్ళ నాన్న మళ్ళీ చింతపండు సంచితో వస్తాడు. ఈసారి నేను కూర్చోబెట్టి చెబుతాను: "అన్నా, అడివి ఇక్కడే ఉంది. అడివి కాగితాలు మాత్రం పట్నంలో ఉన్నాయి. ఆ కాగితాలు చదవడానికి వీణ్ణి పంపు. దారి ఖర్చుల సంగతి ఊరంతా కలిసి చూసుకుందాం."