చిల్లర డబ్బు

తెలుగులో ‘చిల్లర’ అన్న మాటకు రెండర్థాలున్నాయి. విడి నాణేలు అన్నది ఒకటి. అల్పమైనది, లెక్కచేయదగనిది అన్నది మరొకటి. చిల్లర మాటలు, చిల్లర తగాదాలు, చిల్లర మనుషులు అన్నప్పుడు ఈ రెండవ అర్థమే ధ్వనిస్తుంది. నాణెం చిన్నది కనుక దానిని లెక్కపెట్టుకొనేవాని మనసు కూడా చిన్నదే అన్న భావన మన భాషలో ఎప్పుడో స్థిరపడిపోయింది. ఈ భావన న్యాయమైనది కాదని నా అభిప్రాయం.

మన పెద్దలు చిన్న నాణేనికి ఒక్కొక్కదానికి ఒక్కొక్క పేరు పెట్టుకొన్నారు. రూపాయికి పదహారణాలు. అణాలో నాలుగవ వంతు కాణీ, రెండణాలు బేడ, నాలుగణాలు పావలా. 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి అమలులోకి వచ్చి రూపాయికి నూరు నయాపైసలైనవి. అణాలు పోయినా పావలా పేరు మాత్రం ఇరవై ఐదు పైసల బిళ్లకు అంటుకొని మరి యాభై యేళ్లకు పైగా బ్రతికింది. నాణెం చెలామణిలో లేకపోయినా ‘దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు’ అని నేటికీ అంటూనే ఉన్నాం. దమ్మిడీని కంటితో చూసినవారు మనలో ఎందరున్నారు?

నేడు చిల్లర పట్ల మన అలక్ష్యం బజారులో స్పష్టంగా కనిపిస్తుంది. దుకాణదారు రెండు రూపాయలు తిరిగి ఇవ్వవలసిన చోట ఒక చాక్లెట్టు చేతిలో పెడతాడు. అదే చాక్లెట్టును మరునాడు మనం రెండు రూపాయలకు బదులుగా అతనికి ఇవ్వబోతే పుచ్చుకొంటాడా? పుచ్చుకోడు. బస్సులో కండక్టరు మనకు రావలసిన మొత్తాన్ని టికెట్టు వెనుక వ్రాసి ఇస్తాడు. దిగే తొందరలో దానిని మరచిపోయేవారు కొందరైతే, అడగడానికి సిగ్గుపడేవారు మరికొందరు. తనకు న్యాయంగా రావలసినది అడగడంలో సిగ్గుపడవలసినదేమున్నదో నాకు బోధపడదు. (కండక్టరు కష్టమూ నిజమే. ఉదయం మొదటి ట్రిప్పులోనే అందరూ పెద్ద నోట్లు చాపితే అతడు మాత్రం చిల్లర ఎక్కడి నుండి తెస్తాడు?) 2016లో యు.పి.ఐ. వచ్చిన తరువాత ఫోనుతో చెల్లించేవారికి ఈ చిక్కు తీరింది. కాని కూలి డబ్బు నోట్లుగా అందుకొని, ఆ నోట్లతోనే ఉప్పూ పప్పూ కొనేవారికి అది తీరలేదు. వారికి ఆ రెండు రూపాయలు చిల్లర కాదు, డబ్బే.

ఇక దాచుకోవడం సంగతి. మట్టి ముంత, పోపుల పెట్టె, చీర కొంగు ముడి, ఇవే మన యిళ్లలో తొలి బ్యాంకులు. చినుకు చినుకు కలిస్తేనే చెరువు నిండుతుందని పిల్లలకు చెబుతాం. ఈ మాట సగమే నిజం. రోజుకొక రూపాయి ముంతలో వేస్తే ఏడాదికి మూడు వందల అరవై ఐదు రూపాయలే అవుతుంది. దానితో ఎవరూ ధనవంతులు కారు. అయితే ఆ రూపాయికి తోడు దొరికితే ఏమవుతుందో నెల్లూరు జిల్లా స్త్రీలు చూపించారు. 1990ల తొలినాళ్లలో అక్షరాలు నేర్చుకొంటూ దూబగుంట స్త్రీలు సారాపై తిరగబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించగా 1993 అక్టోబరు 1 నుండి ప్రభుత్వం సారాను నిషేధించింది. ఆ యేడే ఆ జిల్లాలో ‘పొదుపులక్ష్మి’ మొదలైంది. నియమం ఒక్కటే: మనిషికి రోజుకొక రూపాయి. పదిహేనుమంది కలిస్తే నెలకు నాలుగు వందల యాభై. ఆ మొత్తాన్ని వంతులవారీగా అప్పుగా తీసుకొనవచ్చును. వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కకుండా బిడ్డకు మందు కొనగలగడం ఆ రూపాయి వలన కలిగిన ఫలం. ఒంటరి ముంతకు ఆ శక్తి లేదు.

ముంతకు మరొక లోపం కూడా ఉన్నది. అందులో పడిన నాణెం నిద్రపోతుంది. 2011 జూన్ 30 నుండి పావలాలు, అంతకు తక్కువ విలువ గల నాణేలు చెల్లుబాటును కోల్పోయాయి. ఆ గడువులోగా బ్యాంకుకు తీసుకొనిపోని బిళ్లలు ఎన్ని యిళ్లలోనో ఆటవస్తువులుగా మిగిలాయి. కనుక ముంత నిండేదాకా ఆగనక్కరలేదు. పదేళ్లు నిండిన పిల్లలు తపాలా కార్యాలయంలో తమ పేరనే పొదుపు ఖాతా తెరవవచ్చును. అర్ధరూపాయి చెల్లదని కొందరు దుకాణదారులు త్రోసిపుచ్చుతారు గాని, చట్టరీత్యా అది చెల్లుతుంది. అయితే ఒక్క చెల్లింపులో పది రూపాయలకు మించి అర్ధరూపాయలు ఇస్తే పుచ్చుకొనవలసిన నిర్బంధం ఎదుటివారికి లేదు. రూపాయి, ఆపై నాణేలకు ఈ పరిమితి వేయి రూపాయలు.

దారిలో దొరికిన నాణెం ఎవరిది? ఈ ప్రశ్న చిన్నదే గాని చట్టం దీనిని చిన్నచూపు చూడలేదు. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో దీనికొక ఉదాహరణ ఉన్నది. రాజమార్గంపై దొరికిన రూపాయి ఎవరిదో తెలియక తీసుకొన్నవాడు నేరస్థుడు కాడు. ఒకని సంచి జారిపడడం చూసి, తిరిగి ఇద్దామనే ఎత్తి, తరువాత మనసు మార్చుకొని సొంతానికి వాడుకొన్నవాడు మాత్రం నేరస్థుడే. 2024 జూలై 1 నుండి ఆ స్మృతి స్థానంలోకి భారతీయ న్యాయ సంహిత వచ్చినా ఈ భేదం అలాగే ఉన్నది. ఇక్కడ చట్టం చూసేది మొత్తాన్ని కాదు, సొంతదారు ఎవరో తెలుసునా, తెలుసుకొనే వీలున్నదా అన్నదానినే. వీధిలో దుమ్ములో పడి ఉన్న రూపాయికి సొంతదారును వెదకడం ఎవరికీ సాధ్యం కాదు. దానిని తీసి ముంతలో వేసుకొనవచ్చును. బస్సులో సీటు క్రింద కనిపించిన ఐదు రూపాయల బిళ్ల సంగతి వేరు. దానిని పోగొట్టుకొన్నవారు ఇంకా ఆ బస్సులోనే ఉండవచ్చును.