తేదీల తమాషా: అక్టోబరు 15

చరిత్ర అంటే ఎక్కడో పరాయి ఊళ్లలో జరిగేదని మా బద్వేలులో చాలామంది అభిప్రాయం. ఈ వారం తేదీ చూపించి ఆ అభిప్రాయం మార్చుదామని నా ఆశ.

1582: ఇది చిక్కు తేదీ. పోపు పదమూడవ గ్రెగరీ కాలెండరును దిద్దించాడు. ఇటలీ, స్పెయిన్ దేశాలలో అక్టోబరు 4 రాత్రి పడుకున్నవాళ్లు తెల్లవారి లేచేసరికి 15వ తేదీ! మధ్య పదిరోజులు గల్లంతు. మరి ఆ పదిరోజుల వడ్డీ సంగతేమిటని మా షావుకార్లు తప్పక అడుగుతారు.

1815: నెపోలియన్‌ను తీసుకువచ్చిన ఓడ సెయింట్ హెలీనా ద్వీపం చేరింది. యూరపును గడగడలాడించినవాడికి చివరకు మిగిలింది ఆ రాతిదిబ్బ.

1931: రామేశ్వరంలో అబ్దుల్ కలాం జన్మించారు. 1980లో మన శ్రీహరికోట నుంచి రోహిణిని ఆకాశానికెత్తిన ఎస్.ఎల్.వి.-3 పథకానికి డైరెక్టరు ఆయనే.

ఇక అసలు సంగతి. 1369, అక్టోబరు 15, సోమవారం. మా ఊరికి ఉత్తరాన ఉన్న పోరుమామిళ్ల చెరువు శాసనం మీది తేదీ అది. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఉదయగిరి నుంచి పాలిస్తూ ఈ చెరువు కట్టించాడు. పేరు అనంతరాజసాగరం. రోజుకు వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని.

దానాలూ బిరుదులూ చెప్పే శాసనాలు ఎన్నో ఉన్నాయి. ఇది చెరువు కట్టడం ఎట్లాగో చెబుతుంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలట: ధర్మం తెలిసిన రాజు, జలశాస్త్రం ఎరిగినవాడు, గట్టినేల, తియ్యని నీటి ఏరు, దగ్గరలో రాతిగని, పనివాళ్ల దండు వగైరా. దోషాలు ఆరు: కట్ట నీరు కారడం, చవిటినేల, చెరువు నడుమ మిట్ట, నీరు కొంచెమై సాగునేల ఎక్కువ కావడం, స్థలం కొంచెమై నీరు ఎక్కువ కావడం, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం. ఈ చివరిదానికి నేను వ్యాఖ్యానం చేయనక్కరలేదు. నదీజలాల తగాదాలు రోజూ పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. నీరు కొంచెం, నేల ఎక్కువ అన్నమాట దగ్గర మాత్రం నా వేలు ఆగిపోతుంది. అది మా సీమ జాతకమే కదా!

ఒక చిన్న తిరకాసు. 1369 నాటికి పోపుగారి దిద్దుబాటు లేదు. నేటి లెక్కకు ఆ రోజు అక్టోబరు 23 అవుతుంది. అయితే శాసనం లెక్క మనది: శాలివాహన శకం 1291, సౌమ్యనామ సంవత్సర కార్తీక శుద్ధ చతుర్దశి. తేదీ జరిగింది గాని చంద్రుడు జరగలేదు.

కట్టించినవాడి పేరు రాతి మీద ఉంది. మన్ను మోసిన వెయ్యిమంది పేర్లు మనకు తెలియవు. కార్తీక పున్నమికి గుడిలో ఎట్లాగూ దీపం పెడతాం. ఈసారి ముందురోజు ఆ చెరువు కట్ట మీద ఒకటి పెడదామని నా కోరిక. మీ ఊళ్లోనూ ఒక చెరువు ఉండే ఉంటుంది.