వైద్యునకు చెప్పవలసిన యింటిమాట



ఈ నెల జన్యుశాస్త్రమును గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిని. వానకై మింటివంక చూచుచు, వేరుసెనగ చేనిమీద బ్రతుకు ముదిగుబ్బవారికి జన్యుశాస్త్ర మెందులకని మీలో కొంద ఱడుగవచ్చును. ఆ శాస్త్రము నేడు ప్రయోగశాల గడప దాటి రోగి మంచమువద్దకు వచ్చుచున్నది. అట్లు వచ్చుటకు వైద్యు డొక్కడు చాలడు. ఇంటి సంగతి యెఱిగిన యిల్లాలు కూడ తోడుపడవలెను. ఈ మాట విన్నవించుటకే యీ వ్యాసము.

మన దేహమును నిర్మించి నడుపుటకు వలయు నాజ్ఞలన్నియు కణములలో నొక లిపియందు వ్రాయబడియున్నవి. ఆ లిపికి అక్షరములు నాలుగే. తల్లినుండి యొక ప్రతియు, తండ్రినుండి యొక ప్రతియు బిడ్డకు సంక్రమించును. ఒక్కొక్క ప్రతిలో రమారమి 300 కోట్ల యక్షరము లుండును. దీనిని మొదట చదువుటకు అనేకదేశముల శాస్త్రజ్ఞులు 1990లో పూని 2003లో ముగించిరి. నేడు ఒక రోగి లిపిని కొన్ని దినములలోనే చదువగలుగుచున్నారు. అందొక యక్షరము మాఱుటవలన నేమి జరుగునో తెలుపుటకు మన తెలుగువారి యింటనే యొక దృష్టాంతము కలదు.

శస్త్రచికిత్సకు ముందు మత్తుమందిచ్చి, శ్వాసకై గొంతులో గొట్టము దింపుటకు కండరములను సడలించు మందును సూదిద్వారా నిత్తురు. సక్సినైల్ కోలిన్ అట్టి మందులలో నొకటి. రక్తమందలి యొక రసము ఈ మందును విఱిచివేయుటచే దాని ప్రభావము కొలది నిమిషములలో తీఱిపోవును. ఆ రసమునకు బ్యూటిరైల్ కోలిన్ ఎస్టరేజు అని పేరు. కొందఱికి పుట్టుకతోనే యిది కొఱవడియుండును. అట్టివారికి ఈ మందిచ్చినచో, శస్త్రచికిత్స ముగిసినను కండరములు కదలవు. తమంతట తాము ఊపిరి తీయజాలరు. గంటలకొలది శ్వాసయంత్రముపై నుంచవలసివచ్చును. యంత్రమును, కనిపెట్టి చూచు వైద్యులును ఉన్నచోట రోగి తేఱుకొనును. లేనిచోట ప్రాణమునకే ముప్పు.

ఈ లోపము ఆర్యవైశ్యులలో హెచ్చు. దీనికి మూలమైన అక్షరదోషము నొకదానిని కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు విదేశీయ శాస్త్రజ్ఞులతో కూడి 2006లో ప్రకటించిరి. 2017లో హైదరాబాదు సి.సి.ఎం.బి. పరిశోధనాలయమునకు చెందిన తంగరాజ్ గారును, అమెరికాలోని డేవిడ్ రైక్ గారును, వారి సహచరులును వెలువరించిన వ్యాసములో, ఈ లోపము వైశ్యులలో ఇతరులకంటె ఇంచుమించు 100 రెట్లు హెచ్చని వ్రాసిరి. కావున ఆ కులమువారికి శస్త్రచికిత్స చేయునపుడు ఇట్టి మందును మానుట మంచిదని మత్తువైద్యు లెఱుగుదురు. బదులు వాడుటకు వేఱు మందులు కలవు. ముందుగా ఆ రసమును కొలుచుటకు రక్తపరీక్షయు కలదు.

కదిరి, ధర్మవరము, అనంతపురములలో ఆర్యవైశ్య కుటుంబము లెన్నియో యున్నవి. అర్ధరాత్రి కడుపునొప్పితో ఆసుపత్రికి చేరిన రోగిని కులమేమని యే వైద్యు డడుగును? అడిగిన తప్పుగా దోచునేమో యని జంకును కూడ. అందుచే ఆ మాట మనమే చెప్పవలెను. "మా పెదనాన్నగారికి ఆపరేషను తరువాత చాలసేపు మెలకువ రాలేదు, ఊపిరి యాడలేదు" అను నొక్క వాక్యము, కోట్ల వ్యయముతో జరిగిన పరిశోధనకు ఫలము నిచ్చును. ఆ వాక్యము ఎవరినోటను రాకున్నచో పరిశోధన గ్రంథములయందే నిలిచిపోవును.

ఇది యొక కులమునకు తెచ్చిన కళంకమని యెవ్వరును తలపరాదు. పై పరిశోధకులు దక్షిణాసియాలోని 260కి పైబడిన సముదాయములను పరీక్షించిరి. అందు 81 సముదాయములవారు కొద్దిమంది మూలపురుషులనుండి పుట్టి, తరతరములుగా తమలో తామే వివాహమాడుచు వచ్చినవారని తేలినది. ఏ సముదాయమునకు ఏ దోషము వంశముగా వచ్చినదో యింకను చాలవఱకు కనుగొనవలసియున్నది. ఈనా డొకరికి తెలిసినది, రేపు మఱియొకరికి తెలియును.

ఇంతకంటె ముఖ్యమైన మాట యొకటి కలదు. ఇట్టి లోపములలో అనేకము, తల్లి యిచ్చిన ప్రతియు తండ్రి యిచ్చిన ప్రతియు రెండును చెడినపుడే రోగముగా బయటపడును. ఒక్క ప్రతియే చెడినవారు రోగులు కారు, వాహకులు మాత్రమే. దంపతు లిరువురును ఒకే దోషమునకు వాహకులైనచో, ప్రతి గర్భమునందును నాలుగింట నొకవంతు బిడ్డకు రోగము వచ్చు నవకాశము కలదు. మేనరికములయందును, అక్కకూతు వివాహములయందును ఇరువురకు నొకే తాతముత్తాతలు గనుక ఈ యవకాశము హెచ్చును. అట్టి దంపతులలో పెక్కండ్రకు ఆరోగ్యవంతులైన బిడ్డలే కలుగుదురు; కావున భయపడవలసినది లేదు గాని విచారింపవలసినది కలదు. రోగియైన బిడ్డను కన్న కోడలిని "నీ కడుపు మంచిది కాదు" అని నిందించు అత్తలు ఈ లెక్కను గ్రహింపవలెను. బిడ్డకు చెడిన ప్రతులు రెండు. అందొకటి తమ కుమారుడిచ్చినది. దోషము సగమున్నచోట నింద యంతయు నొకరిపై మోపుట న్యాయము కాదు.

ఇక వైద్యమున ఈ జ్ఞాన మెట్లు చేరుచున్నదో చూతము. హైదరాబాదు నిమ్సు ఆసుపత్రిలో వంశపారంపర్య రోగములకు ప్రత్యేకశాఖ యున్నది. 2019లో కేంద్రప్రభుత్వమువారు ఉమ్మీద్ అను పథకమున తొలుత నెలకొల్పిన నిదాన్ కేంద్రములలో నిమ్సు ఒకటి. ముదిగుబ్బనుండి అది దూరమే. అయినను సామాన్యమైన పరీక్షలకు అంతదూరము పోనక్కఱలేదు. గర్భిణికి తొలినెలలలో చేయు రక్తపరీక్షయందు అనుమానము తోచినచో, తలసీమియాకు ఆమె వాహకురాలగునో కాదో మఱియొక పరీక్షచే తెలియును. ఆమె వాహకురాలైనచో భర్తకును పరీక్ష చేయింపవలెను; ఇచ్చట భర్త జంకరాదు. శిశువు మడమనుండి తీసిన రెండు మూడు రక్తపుబొట్లవలన థైరాయిడు లోపము బయటపడును. మొదటి వారములలోనే మం దారంభించినచో బిడ్డ బుద్ధిమాంద్యము లేక పెరుగును. ఆలసించిన పోయిన బుద్ధి తిరిగి రాదు.

వాహకురాలని తెలిసినచో పిల్లకు పెండ్లి కాదేమో యని తల్లులు భయపడుదురు. ఆ భయము నిరాధారము కాదు. టే శాక్స్ అను రోగముచే నలుగురు బిడ్డలను పోగొట్టుకొన్న జోసెఫ్ ఎక్ స్టీన్ అను యూదమతగురువు, న్యూయార్కులో 1983లో డోర్ యెషోరిం అను సంస్థను స్థాపించెను. అందు యువతీయువకులకు రక్తపరీక్ష చేసి సంఖ్య నొకటి యిత్తురు, ఫలితము చెప్పరు. సంబంధము కుదుర్చునపుడు రెండు సంఖ్యలను తెలిపినచో, ఈ జత తగునా తగదా యని మాత్రమే చెప్పుదురు. ఎవరి గౌరవమునకును భంగము లేదు. బిడ్డలకును రక్షణ కలుగును. జాతకములు చూచు మనవారికి ఇట్టి పద్ధతి కొత్తగా తోపదు.

కావున సోదరీమణులారా, పద్దులపుస్తకముప్రక్కనే మఱియొక చిన్నపుస్తక ముంచుడు. పుట్టినింటను, మెట్టినింటను మూడు తరములవారి పేర్లు వ్రాయుడు. ఎవరికి మత్తుమందు పడలేదో, ఎవరికి పుట్టిన బిడ్డలు దక్కలేదో, ఎవరికి మాటిమాటికి రక్త మెక్కించవలసివచ్చినదో, ఏ దంపతులు రక్తసంబంధీకులో గుర్తించుడు. ముసలమ్మలు బ్రతికియుండగనే వారినడిగి తెలిసికొనుడు. దానిని బత్తలపల్లి కేగినను, అనంతపుర మేగినను వెంట గొనిపోయి వైద్యునకు చూపుడు. అన్యులకు చూపనక్కఱలేదు. ప్రకటనలను చూచి యెన్నో పరీక్షలకు ధనము వెచ్చింపకుడు. ఏ పరీక్ష వలయునో ఆ పుస్తకము చూచిన వైద్యుడే చెప్పును.