మూడోసారి అనకముందే



మన సంఘాలలో కోతపండుగ వేలంపాట ఎరుగనివారుండరు. చెనక్కాయల మూట, గుమ్మడికాయ, నాటుకోడి, చింతపండు, ఎవరికి కలిగినది వారు తెస్తారు. ఆరాధన ముగిసిన తర్వాత పాట మొదలవుతుంది. ముప్పై రూపాయల కొబ్బరికాయ ఐదువందలు పలికినా ఎవరూ ఆశ్చర్యపడరు. పాడినవాడు కాయను కొనడం లేదు, కానుక ఇస్తున్నాడు.

అటువంటి పాటలోనే కొన్నేళ్ళ క్రితం నేనొక తప్పు చేశాను. ఆ కుటుంబం అనుమతితో, పేర్లు లేకుండా, దానిని మీ ముందు పెడుతున్నాను.

ఆ సంవత్సరం రాప్తాడు చుట్టుపక్కల వాన సమయానికి రాలేదు. చెనక్కాయ చెట్టు ఊడలు దిగకముందే ఎండిపోయింది. కోతపండుగకు తెచ్చుటకు కోతే లేదు. ఒక విధవరాలైన తల్లి చీరకొంగులో మూటగట్టి చనిపోయిన భర్త చేతి గడియారం తెచ్చింది. అది హెచ్.ఎం.టి. జనతా, రోజూ కీ ఇవ్వవలసిన వాచీ. “అయ్యగారూ, పంట లేదు. ఇది ఉంది” అని నా చేతిలో పెట్టింది.

పాట రెండు వందల దగ్గర మొదలైంది. వెయ్యి దాటాక ఇద్దరే మిగిలారు. ఇద్దరూ ఆమె కుమారులే. పెద్దవాడు సేద్యం చేస్తాడు. చిన్నవాడు బెంగళూరులో ఉద్యోగం. మూడు వేలు, ఐదు వేలు, ఏడు వేలు. సభలో చప్పట్లు. పాడించేవాడిని నేనే. సంఘానికి మంచి మొత్తం వస్తున్నదని లోలోపల సంతోషించాను. పెద్ద కోడలు తల వంచుకొని కూర్చున్నది. నేను చూశాను, చూడనట్లున్నాను. చిన్నవాడు 8,500 అన్నాడు. పెద్దవాడు 9,000 అన్నాడు. “ఒకటోసారి, రెండోసారి, మూడోసారి” అనేశాను. ఆ 9,000 అప్పు తెచ్చినదని తర్వాతి వారం తెలిసింది. అన్నదమ్ములకు మాటలు కూడా ఆగిపోయాయి.

చిన్నవాడు అంతవరకు ఎందుకు పాడాడు? పాత వాచీలు సేకరించేవారు ఉంటారని, మంచి ధర ఇస్తారని బెంగళూరులో విన్నాడు. అది అబద్ధమేమీ కాదు. జపాను సిటిజన్ కంపెనీ సహకారంతో హెచ్.ఎం.టి. వాచీల తయారీ బెంగళూరులో 1961లో మొదలైంది. మన తల్లిదండ్రుల కాలంలో పెండ్లికుమారునికి పెట్టే వాచీ అంటే చాలా ఇండ్లలో అదే. తర్వాత క్వార్ట్జ్ వాచీలు వచ్చి, నష్టాలు పెరిగి, 2016లో కేంద్ర ప్రభుత్వం ఆ వాచీల కంపెనీని మూసివేయ నిర్ణయించింది. ఇక తయారుకాదు అనగానే, పెట్టెల్లో పడియున్న వాటికి గిరాకీ పుట్టింది.

విదేశాలలో ఈ సేకరణ ఎంత దూరం పోయిందో వింటే మన తల తిరుగుతుంది. స్విట్జర్లాండులోని జెనీవా నగరంలో పాత వాచీలకు పెద్ద వేలంపాటలు జరుగుతాయి. పటేక్ ఫిలిప్ అనే కంపెనీ 1941లో 1518 అనే నమూనాను తెచ్చింది. మొత్తం చేసినవి సుమారు 281. వాటిలో ఎక్కువ భాగం బంగారువి. మామూలు స్టీలుతో చేసినవి నాలుగే బయటపడ్డాయి. అటువంటి స్టీలు వాచీ ఒకటి 2016లో ఒక కోటీ పది లక్షల స్విస్ ఫ్రాంకులు పలికింది. బంగారం కంటే ఇనుము జాతిదానికి ఎక్కువ ధర! లోహాన్ని బట్టి కాదు, అరుదును బట్టి వెల.

కొన్నిసార్లు కథను బట్టి వెల. హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్‌కు కారు పందాల పిచ్చి. జాగ్రత్తగా నడపమని వెనుకవైపు చెక్కించి భార్య ఒక రోలెక్స్ వాచీ ఇచ్చింది. దానిని ఆయన 1984లో తన కుమార్తె స్నేహితునికి ఊరకనే ఇచ్చివేశాడు. 2017లో న్యూయార్కులో అదే వాచీకి ఒక కోటీ 77 లక్షల డాలర్లు వచ్చాయి.

మరి మోసం లేదా? ఉన్నది. 2021లో జెనీవాలో ఒక పాత ఒమేగా వాచీ 30 లక్షల ఫ్రాంకులు దాటి పలికింది. కొన్నది ఒమేగా కంపెనీయే, తన మ్యూజియం కొరకు. వేరువేరు వాచీల భాగాలు కూర్చి దానిని తయారుచేశారని 2023లో ఆ కంపెనీయే ప్రకటించింది. అందుచేతనే తెలిసిన సేకర్తలు మూత తీయించి లోపలి యంత్రం చూస్తారు. డయలు, ముళ్ళు మొదటివేనా, నంబర్లు సరిపోతున్నాయా అని పరీక్షిస్తారు. రంగు వెలిసినా సరే, మార్చని డయలుకే విలువ. మళ్ళీ రంగు వేసిన డయలును పక్కన పెడతారు.

ఇక మా కథకు వస్తాను. ఒక రోజు పెద్దవాడిని వెంటబెట్టుకొని అనంతపురంలో ఒక వాచీ రిపేరు పెద్దాయన దగ్గరకు పోయాను. ఆయన కంటికి భూతద్దం పెట్టుకొని మూత తీసి చూశాడు. “యంత్రం మంచిదే అయ్యా. డయలుకు ఎవరో మళ్ళీ రంగు వేశారు. ముళ్ళు కూడా వేరేవి. సేకరించేవారు దీన్ని తీసుకోరు” అన్నాడు. పెద్దవాడు నోరు మెదపలేదు. నాకు చెమటలు పట్టాయి.

ఇంటికి వచ్చి తల్లికి చెప్పాము. ఆమె నవ్వింది. “ఆ డయలు కథ నాకు తెల్దా నాయనా! చిన్నోడు పుట్టిన యేడు మీ నాయన బాయిలో దిగి పూడిక తీస్తాంటే నీళ్ళు దూరి చెడిపాయ. చెనక్కాయలమ్మిన దుడ్డుతో బాగు చేయిచ్చె. ఆదివారం గుడికి వచ్చేటప్పుడు తప్ప కట్టుకునేవాడు కాదు” అన్నది.

బజారు ఏ మచ్చ చూసి వాచీని పక్కన పెట్టిందో, ఆ మచ్చలోనే ఆ ఇంటి చరిత్ర ఉన్నది.

ఆ రాత్రి నేనే చిన్నవాడికి ఫోను చేశాను. “అన్న తెలియక దానిని తక్కువకు అమ్మేస్తాడనుకున్నాను అయ్యగారూ” అన్నాడు. పెద్దవాడిని అడిగితే, “తమ్ముడు దాన్ని బెంగళూరులో అమ్ముకుంటాడనుకున్నాను” అన్నాడు. ఇద్దరిలో ఎవరికీ అమ్మే ఉద్దేశం లేదు!

అప్పుడు నాకొకటి అర్థమైంది. వేలంలో ధర నిర్ణయించేది గెలిచినవాడు కాదు, ఓడినవాడు. రెండోవాడు ఎక్కడ ఆగుతాడో అక్కడే ధర నిలుస్తుంది. జెనీవాలోనైనా మన గుడిలోనైనా అంతే. మా గుడిలో ఆ రోజు పలికిన 9,000 వాచీ వెల కాదు, ఇద్దరు అన్నదమ్ముల అనుమానం వెల.

వేలం చెడ్డదని నేననను. 2019లో జెనీవాలోనే పటేక్ ఫిలిప్ వాచీ ఒకటి మూడు కోట్ల పది లక్షల ఫ్రాంకులు పలికింది. అది పిల్లల కండరాలను క్షీణింపజేసే వ్యాధిపై పరిశోధనకు నిధి కూర్చే వేలం. ఎక్కువ ఇచ్చుట తప్పు కాదు. ఎందుకు ఇస్తున్నామో, ఎవరి కంచంలోది తీసి ఇస్తున్నామో చూసుకోవలెను. ఆ వేళ నేను చూడలేదు.

సంఘ పెద్దలతో మాట్లాడి సొమ్ము తిరిగి ఇస్తామన్నాము. పెద్దవాడు ఒప్పుకోలేదు, గుడిలో ఇచ్చిన మాట అన్నాడు. తర్వాతి శనివారం చిన్నవాడు రాత్రి బస్సుకు వచ్చి సగం డబ్బు అన్న చేతిలో పెట్టాడు. మేము రెండు నియమాలు వ్రాసుకున్నాము. అప్పు చేసి పాడరాదు. ఒక ఇంటివారే ఒకరిమీద ఒకరు పాడితే, మూడోసారి అనకముందే పాట ఆపి మాట్లాడవలెను.

మీ ఇంట కూడా పెద్దల వాచీ ఏదైనా ఉంటే, అమ్మదలిస్తే ముందుగా రంగులు వేయించకండి, తెలిసినవారికి చూపించండి. ఉంచుకోదలిస్తే అది ఎవరిది, ఎప్పటిదో ఒక కాగితంలో వ్రాసి పెట్టండి. ఎవరికి చెందవలెనో పెద్దలు బ్రతికియుండగానే చెప్పనివ్వండి.

ఆ వాచీ ఇప్పుడు తల్లి దగ్గరే ఉన్నది. రోజూ ఉదయం కీ ఇస్తుంది. మన దినములు లెక్కించుకొనుటకు అది చాలును.